జుబారా దారిలో ఫరోల పెళ్ళిళ్ళు, మా పెళ్ళిళ్ళు

ఖతర్ వెళ్ళేవాళ్ళు ఈ మధ్య నన్ను జుబారా కోట గురించి అడుగుతున్నారు. చూడదగ్గదేనా, సగం రోజు చాలుతుందా అని. చూడదగ్గదే, చాలుతుంది కూడా. అయితే నేను దాన్ని చూసింది తొంభైల మధ్యలో. కోట కన్నా ఆ రోజు మా మధ్య జరిగిన మాటలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. అందుకని రెండూ కలిపే చెబుతాను.

అప్పట్లో మేం దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. మా ఆయన రామ్మోహన్ ఒక కాంట్రాక్టు కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. నాకు నాలుగో నెల. ఆ వారం ఆస్పత్రిలో డాక్టరమ్మ మామూలు ప్రశ్నల మధ్యలో "మీ ఆయన మీకు బంధువా?" అని అడిగింది. "అవునండీ, మా అమ్మకి సొంత తమ్ముడు" అన్నాను. ఆవిడ రాస్తున్నది ఆపింది. నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదనుకుందో ఏమో, అదే ప్రశ్న మళ్ళీ నెమ్మదిగా అడిగింది. నేనూ అదే జవాబు మళ్ళీ నెమ్మదిగా చెప్పాను. "శనివారం ఇద్దరూ కలిసి రండి, మాట్లాడాలి" అంది. ఏం మాట్లాడాలో చెప్పలేదు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన "తెనాలి చుట్టుపక్కల ఏ ఊరు చూసినా మేనరికాలే. వాళ్ళెవరికీ పిల్లలు లేరా?" అని విసుక్కున్నారు. విసుక్కుని, అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు. ఆ మాట నమ్మాలో, ఆ వదిలేసిన అన్నాన్ని నమ్మాలో నాకు తెలియలేదు.

పై వాటాలో నాదియా ఉండేది. ఈజిప్టు ఆవిడ, ఆడపిల్లల బడిలో చరిత్ర టీచరు. ఆవిడ భర్త సమీర్‌కి సముద్రం మీద డ్యూటీ, రెండేసి వారాలు ఇంటికి వచ్చేవాడు కాదు. నేను పులిహోర పంపితే ఆవిడ అన్నం, పప్పు, మాకరోనీ కలిపి పైన వేయించిన ఉల్లిపాయలు చల్లిన కొషరీ పంపేది. నేను చిన్నప్పటి అలవాటు కొద్దీ మా ఆయన్ని "మావయ్యా" అనే పిలుస్తాను. అది విని విని, ఆయన పేరే అదనుకుని నాదియా ఆయన్ని "మిస్టర్ మావయ్య" అనేది. మేం నవ్వుకునేవాళ్ళమే కాని సరిదిద్దలేదు. నేను దిగులుగా ఉండటం చూసి, కారణం అడక్కుండానే, "శుక్రవారం జుబారా వెళ్దాం. మా బడి పిల్లల్ని తీసుకెళ్ళాలి, ముందొకసారి నేను చూసుకోవాలి" అంది. అలా బయల్దేరాం.

దోహాలోనే నజ్మా పేటలో రూములో ఉండే మల్లేశం అనే నిజామాబాద్ ట్యాక్సీ డ్రైవరు రానూపోనూ నూట ఇరవై రియాళ్ళకు ఒప్పుకున్నాడు. నజ్మాలోనే ఒక మలయాళీ హోటల్లో పరోటాలూ కోడిగుడ్డు కూరా కట్టించుకుని ఉదయం ఏడింటికల్లా అతను వచ్చేశాడు. "మా అవ్వకు ఫోన్ల ఖతర్ అంటే తెల్వదు మేడం, దుబాయ్‌ల ఎట్లున్నవ్ బిడ్డా అంటది" అని నవ్వుతూ డిక్కీలో నీళ్ళ క్యాను పెట్టాడు. మా ఆయన ముందు సీట్లో, నాదియా, నేను వెనక. ఉత్తరం రోడ్డు మీద ఉమ్ సలాల్ దాటాక ఇళ్ళు పలచబడ్డాయి. తర్వాత అంతా రాళ్ళూ ఇసకా కలిసిన చదును నేల, అక్కడక్కడా ఒంటెల మంద. ఇంకా పైకి వెళ్ళాక ఎడమ చేతికి జుబారా బోర్డు వస్తుంది. అప్పట్లో అది చిన్న బోర్డు. మేం ఒకసారి దాటిపోయి వెనక్కి తిరిగాం.

దారిలో నాదియా తన పాఠం సంగతి ఎత్తింది. "వచ్చే వారం ఫరోల పాఠం, మా పాతకాలం రాజులు. ఏటా ఎవరో ఒక పిల్ల అడుగుతుంది, రాజు సొంత చెల్లెల్ని పెళ్ళి చేసుకున్నాడటగా టీచర్ అని. మా హెడ్‌మిస్ట్రెస్ ఆ ప్రశ్న దాటెయ్యమంటుంది."

"నిజంగా చేసుకున్నారా?" అన్నాను.

"కొందరు చేసుకున్నారు. చాలాసార్లు సవతి చెల్లెల్ని, తండ్రి ఒకడే, తల్లులు వేరు. వాళ్ళ దేవుళ్ళలో ఒసిరిస్‌కి భార్య ఐసిస్, ఆమె అతని చెల్లెలే. రాజు కూడా దేవుడే కదా, మామూలు మనుషుల్లా బయట సంబంధం ఎందుకు చేసుకుంటాడు? పైగా సింహాసనం ఇల్లు దాటి పోదు."

నాకు ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నా పెళ్ళి మాటలప్పుడు ఆవిడ అన్నదీ అదే, పిల్ల ఇల్లు దాటి పోకూడదని. మాకు సింహాసనం లేదు. ఎకరన్నర నిమ్మతోట ఉండేది.

"మామూలు జనం కూడా అలాగే చేసుకునేవాళ్ళా?" అని అడిగాను.

"ఆ కాలంలో వాళ్ళు చేసుకున్నట్టు పెద్దగా ఆధారాల్లేవు. కానీ ఒక తమాషా ఉంది. వాళ్ళ ప్రేమ పాటల్లో ప్రియురాలిని 'చెల్లీ' అనే పిలుస్తారు. అందుకే ఎవరు నిజం చెల్లెలో, ఎవరిది ఉత్త పిలుపో తేల్చుకోలేక చదివేవాళ్ళు తికమకపడతారు" అని నవ్వింది. నేనూ నవ్వబోయాను. అంతలో ఆవిడ మాట కొనసాగించింది. "చిన్నతనంలోనే పోయిన ఒక రాజు ఉన్నాడు. అతని భార్య సవతి అక్కో చెల్లెలో. అతని సమాధి తవ్వినప్పుడు బంగారం మధ్యలో రెండు బుల్లి శవపేటికలు దొరికాయి. బతికి బట్టకట్టని ఇద్దరు ఆడశిశువులు. వాళ్ళ పిల్లలే అంటారు."

నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది. కారు ఆపమన్నాను. దిగి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను. మా ఆయన పరుగున వచ్చి వీపు నిమిరారు. "కడుపుతోని ఉన్నప్పుడు గట్లనే అయితది సార్, నీళ్ళు తాగిపియ్యుండ్రి" అని మల్లేశం క్యాను తెచ్చాడు. నాదియా నా చెంగు పట్టుకుని నిలబడింది, తన మాటలే కారణమని ఆవిడకి తెలియదు.

కోట ఎడారిలో ఒంటరిగా ఉంటుంది. నలుచదరం గోడలు, మూడు మూలల గుండ్రటి బురుజులు, నాలుగో మూల మాత్రం నలుపలకల బురుజు. లోపలి గదుల్లో పాత ఊరి తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులూ అవీ పెట్టారు. గోడలు చాలా మందం, బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంటుంది. అలాంటి ఒక గదిలో, మా ఇద్దరం తప్ప ఎవరూ లేనప్పుడు, నాదియా నా చెయ్యి పట్టుకుంది. "ఏమైంది హబీబ్తీ? ఈ వారమంతా నువ్వు నీలా లేవు."

ఆస్పత్రిలో మా ఆయన బంధువా అని అడగటం, శనివారం ఇద్దర్నీ రమ్మనటం చెప్పి, అసలు సంగతీ చెప్పేశాను. "మావయ్య అనేది ఆయన పేరు కాదు. మా అమ్మ తమ్ముణ్ణి అలా పిలుస్తాం."

ఆవిడ నవ్వింది. "మా పాటల్లో చెల్లి లాగానా?"

"కాదు. ఆయన నిజంగానే మా అమ్మ తమ్ముడు."

"ఖాల్?" అంది. అరబీలో మేనమామని అలాగే అంటారు. "సొంత తమ్ముడా? ఒకే తల్లి పిల్లలా?"

"ఒకే తల్లి, ఒకే తండ్రి."

నాదియా నా చెయ్యి వదిలేసింది. కోపంతో కాదనుకుంటాను, వేడి గిన్నె ముట్టుకున్నప్పుడు వేళ్ళు వెనక్కి వచ్చేస్తాయే, అలా. "హరామ్" అని మెల్లగా గొణిగి, దేవుణ్ణి క్షమించమని ఏదో చదువుకుంటూ పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

నేను నడవాలో కూర్చుండిపోయాను. మా ఆయన వచ్చి "ఏమంది?" అన్నారు. "తప్పంది" అన్నాను. ఆయన నా పక్కన కూర్చుని, "నేనూ మొదట వద్దనే అన్నా సుజాతా" అన్నారు. "నిన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తిప్పినవాణ్ణి. ఎలా చేసుకుంటానన్నాను. మీ అమ్మ ఏడ్చింది, మా అమ్మ అన్నం మానేసింది."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పి ఏం చెయ్యను? ఇప్పుడు నువ్వు ఇంట్లో లేకపోతే నాకు కాఫీ పెట్టుకు తాగాలని కూడా తోచదు. అప్పుడు వద్దన్నదీ నేనే, ఇప్పుడు ఇలా ఉన్నదీ నేనే. నాకే అర్థం కాదు."

అది ఓదార్పో, నా మీద పడిన ఇంకో బరువో తెలియలేదు. అయినా ఆయన పక్కనుంచి లేవాలనిపించలేదు.

మధ్యాహ్నం కోట గోడ నీడలో చాప వేసుకున్నాం. నాదియా వచ్చి కొంచెం ఎడంగా కూర్చుంది. పరోటా తుంచుతూ మల్లేశం అందరి మొహాలూ చూశాడు. "ఏమైంది సార్, ఆ మేడం మాట్లాడ్తలేదు?"

మా ఆయన దాచలేదు. "మా ఆవిడ నా అక్క కూతురని ఇప్పుడే తెలిసింది ఆవిడకి."

"అక్కబిడ్డనా? గంతేనా! మా పెద్దన్న గూడ అక్కబిడ్డనే చేసుకున్నడు. మరి ఈ మేడం పెనిమిటి ఏమైతడట?"

నిజానికి అది నేనూ ఎప్పుడూ అడగలేదు. ఇంగ్లీషులో అడిగాను. "ఇబ్న్ అమ్మీ. మా నాన్న తమ్ముడి కొడుకు" అంది నాదియా ముక్తసరిగా. తెలుగులో చెప్పాను. మల్లేశం చేతిలో పరోటా అలాగే ఉండిపోయింది.

"చిన్నాయిన కొడుకా? అన్నో తమ్ముడో అయితడు గద మేడం! గట్ల ఎట్ల చేసుకుంటరు?"

"ఏమంటున్నాడు?" అంది నాదియా. చెప్పొద్దన్నట్టు మా ఆయన కళ్ళతో సైగ చేశారు. కాని పొద్దున్నుంచి ఒక్కదాన్నే ముద్దాయిలా కూర్చుని ఉన్నాను. చెప్పాను. "మాలో నాన్న తమ్ముడి కొడుకంటే అన్నో తమ్ముడో, తోడబుట్టినవాడితో సమానం. మీ పెళ్ళి సంగతి మా ఊళ్ళో చెబితే..."

"ఫరోల పెళ్ళి అంటారా?"

"అవును."

ఆవిడ లేచి సముద్రం వైపు నడిచింది. అటువైపే పాత జుబారా ఊరి శిథిలాలు ఉంటాయి. ఒకప్పుడు ముత్యాల వ్యాపారంతో వెలిగిన ఊరట, అప్పటికి మోకాలెత్తు గోడలు, మట్టిదిబ్బలు మిగిలాయి. ఎండలో అంత దూరం నడవొద్దని మా ఆయన అంటున్నా వినకుండా నేనూ వెనకే వెళ్ళాను. కొంత దూరం పోయాక ఆవిడ ఒక కూలిన గోడ మీద కూర్చుంది.

"నాకు మొదట ఒక బాబు పుట్టాడు" అంది. అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. "నెల తిరక్కుండా పోయాడు. మా ఊళ్ళో డాక్టరు అంతకుముందు అడిగాడు, నీ భర్త బంధువా అని. ఇబ్న్ అమ్మీ అన్నాను. తలూపి ఊరుకున్నాడు. మా దగ్గర అదెంత మామూలంటే, ఎవరూ రెండో ప్రశ్న అడగరు. నిన్ను రెండోసారి అడిగారా?"

"అడిగారు. నాకు అవమానంగా అనిపించింది."

"అవమానం కాదు. అడగాలి." చున్నీతో మొహం తుడుచుకుంది. "ఆ బుల్లి శవపేటికల సంగతి ఏటా చెబుతాను, సుజాతా. ఒక్క ఏడు కూడా నా బాబు గుర్తు రాలేదు. రాలేదో, నేనే రానివ్వలేదో. ఇవాళ కారులో నువ్వు పొట్ట పట్టుకున్నావు కదా, అదిప్పుడు కళ్ళ ముందు నుంచి పోవటం లేదు."

నేను పక్కన కూర్చున్నాను. ఆవిడే అంది, "అబద్ధం చెప్పను, నీ పెళ్ళి నాకింకా తప్పుగానే అనిపిస్తోంది."

"నాకూ మీది అలాగే ఉంది."

"సరే. రేపు ఆస్పత్రికి ఎన్నింటికి వెళ్ళాలి?"

శనివారం ఆవిడ బడికి సెలవు పెట్టి మాతో వచ్చింది. డాక్టరమ్మ రెండు తరాల బంధువుల గురించి అడిగింది. ఎవరికైనా చెవుడు ఉందా, చిన్నప్పుడే పోయినవాళ్ళున్నారా అని. బిడ్డ బాగానే పుట్టే అవకాశమే ఎక్కువ అనీ, కానీ బయటి సంబంధాల కన్నా ప్రమాదం కొంత ఎక్కువనీ, పుట్టాక జాగ్రత్తగా చూడాలనీ చెప్పింది. నాకు అర్థం కానిదల్లా నాదియా మళ్ళీ మళ్ళీ అడిగించింది. తర్వాతి వారం క్లాసులో ఒక పిల్ల మామూలు ప్రశ్నే వేసిందట. దాటెయ్యకుండా జవాబు చెప్పానంది. బుల్లి శవపేటికల సంగతి మాత్రం ఆ ఏడు చెప్పలేదంది. వేసవి చివర్లో మాకు పాప పుట్టింది, ఆరోగ్యంగానే. కొన్నాళ్ళకు నాదియా వాళ్ళు ఈజిప్టు వెళ్ళిపోయారు.

ఇన్నేళ్ళయినా ఆ రోజు గురించి నాకు ఒక తీర్పంటూ లేదు. ఏ చుట్టరికం పెళ్ళికి పనికొస్తుందో, ఏది పాపమో మేమూ మల్లేశమూ ఒక రకంగా, నాదియా ఇంకో రకంగా నేర్చుకుని పెరిగాం. ఎవరికి వాళ్ళకి ఎదుటివాళ్ళ గీత చూస్తేనే ఒళ్ళు జలదరించింది. మా పాప పెద్దదయ్యాక మా అమ్మ దాన్ని మా అన్నయ్య కొడుక్కి అడిగింది. నేను వద్దన్నాను, నాకన్నా ముందే మా ఆయన వద్దన్నారు. "మా తమ్ముణ్ణి చేసుకుని నీకేం తక్కువైందే?" అని అమ్మ ఏడ్చింది. ఏమీ తక్కువ కాలేదు. ఆ మాటా నిజమే, వద్దనుకోవటమూ నిజమే. రెండిటినీ కలిపి అమ్మకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఇప్పుడు రోడ్లు పెద్దవయ్యాయి కాని ఎండ మాత్రం మారలేదు. మధ్యాహ్నం తిరిగి దోహా వచ్చేటప్పుడు దారి పొడవునా కారు కుడి పక్కే ఎండ కొడుతుంది, కడుపుతో ఉన్నవాళ్ళనూ పెద్దవాళ్ళనూ ఎడమ పక్క కూర్చోబెట్టండి. ఆ రోజు నాకా సంగతి తెలియదు. నాదియా ఏమీ అనకుండా ముందే వెళ్ళి కుడి పక్క కూర్చుంది.