అవతలి ఒడ్డుకి చలిమిడి

ట్రక్కు మమ్మల్ని గోదావరి పాయ ఒడ్డున దింపేసరికి మధ్యాహ్నం రెండున్నర. జ్యేష్ఠమాసపు ఎండ. గాలి నిండా ఉప్పు, ఎండుచేపల వాసన. పోస్టు తుఫాను షెల్టరు పై అంతస్తులో. మనిషికో హెల్మెట్, షీల్డు, లాఠీ, రైఫిల్. ఆ ఉక్కలో జాకెట్ కింద చొక్కా ఎప్పుడూ ఆరేది కాదు.

పాయకి ఇటొకటి, అటొకటి మత్స్యకారుల ఊళ్ళు. పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్న ఊళ్ళే. వల వేసే చోటు దగ్గర మాట పెరిగి కొట్టుకున్నాయి, పడవలు తగలబెట్టుకున్నాయి. మాకిచ్చిన ఆర్డరు ఒకటే: మనిషి గానీ సామాను గానీ పాయ దాటకూడదు. మా కేంద్ర బలగంలో తెలుగు వచ్చింది నాకొక్కదానికే. మాది రాజమండ్రి. అందుకే ఏరి పంపారు.

మొదటి వారంలోనే, అవతలి ఊళ్ళో గస్తీ తిరుగుతుంటే ఎవరో విసిరిన రాయి నా మోచేతికి తగిలింది. ఎముక విరగలేదు. కోపం మాత్రం దిగలేదు. లాఠీ పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుపోయేవి. తెల్లవారి డ్యూటీ దిగాక నీళ్ళ వైపు తిరిగి దండం పెట్టుకునేదాన్ని. రెండూళ్ళకీ శాంతి ఇమ్మని అడిగేంత ధైర్యం లేదు. "ఈ చేతిలో కోపం దించు స్వామీ, దీంతో ఎవర్నీ కొట్టించకు." అంతే అడిగేదాన్ని.

ఒకరోజు ఇటువైపు ఊరి నుంచి నూకాలమ్మ అనే పెద్దావిడ స్టీలు డబ్బాతో వచ్చింది. కూతురు అవతలి ఊరి కోడలు. అయిదో నెల. తల్లి పెట్టాల్సిన చలిమిడి చేసి తెచ్చింది. మా హవల్దారు తనిఖీకని కత్తి తీశాడు. ఆవిడ అతని మణికట్టు పట్టేసుకుంది.

"కత్తెట్టకు బాబూ! కడుపుతో ఉన్నదానికి చేసింది."

నా రైఫిల్ హవల్దారుకిచ్చి చేతులు కడుక్కున్నాను. ముద్దనంతా వేళ్ళతో పిసికి చూశాను. బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరిముక్కలు, ఇంకేం లేవు. అంత మెత్తటిది పట్టుకుని ఎన్నాళ్ళయిందో.

"వాళ్ళు తీసుకుంటారంటారా?" అన్నాను.

"తీసుకోడం కాదమ్మా. నా కొడుకే అల్లుడి చెయ్యి ఇరగ్గొట్టాడు. డబ్బా తిరిగెలా వస్తదో చూడాలి. ఖాళీగా వచ్చిందంటే మా పిల్లని ఇంక పురిటికి పంపనట్టే."

మన ఇళ్ళల్లో తెలిసిందే. పెట్టి పంపిన గిన్నెని ఎవరూ వట్టిగా తిప్పి పంపరు, తెంచుకోదలిస్తే తప్ప.

రేడియో అందుకుని హిందీలో మాట్లాడాను.

"కంట్రోల్, ఒక డబ్బా దాటించాలి. ఓవర్."

"ఏముంది అందులో? ఓవర్."

"చలిమిడి సార్. కూతురికి కడుపుచలవని తల్లి పంపుతోంది. ఓవర్."

కాసేపు గరగర. "పేలేదేం కాదుగా? ఓవర్."

"కాదు సార్. పళ్ళకి అంటుకుంటుంది. ఓవర్."

"అయితే నువ్వే తీసుకెళ్ళు. హవల్దారు తోడొస్తాడు. ఇచ్చి వెంటనే తిరిగి రండి. అవుట్."

అవతలి ఇంట్లో మంచం మీద కట్టుతో అల్లుడు. తలుపు వెనక ఆ అమ్మాయి చీరంచు కనిపించింది. అత్తగారు గడపలోనే నిలబడింది. డబ్బా వంక చూసింది, నా వంక చూసింది.

"అక్కడెట్టెళ్ళండి."

పెట్టి వెనక్కి తిరిగాను.

"చెయ్యి తగ్గిందా అమ్మా?"

ఆ రాయి సంగతి ఆవిడకి తెలుసు. "తగ్గిందండి" అన్నాను. నొప్పి ఉంది. బిగుసుకున్న వేళ్ళు మాత్రం ఎప్పుడో వదులయ్యాయి.

ఆ సాయంత్రం డబ్బా రాలేదు. నూకాలమ్మ చీకటిపడే దాకా ఒడ్డున కూర్చుని వెళ్ళింది. మర్నాడు డబ్బాని మా గస్తీ పడవ తెచ్చింది. ఆవిడ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూత మీద బొటనవేలు ఆనించి, తియ్యకుండా అలా ఉండిపోయింది.

"బరువుందా పిన్నిగారూ?"

"తెలీడం లేదమ్మా. నువ్వు తియ్యి."

తీశాను. నిండా ఎండు రొయ్యలు. ఆవిడ ఒకటి తీసి చూసింది, ఇంకొకటి తీసి చూసింది. నవ్వుతూనే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"తలలు గిల్లి మరీ పంపింది మహాతల్లి! రాత్రంతా కూర్చునుంటది."

తర్వాత కబుర్లు మొదలయ్యాయి. ముందు ఆడవాళ్ళ మధ్య, ఆనక మగవాళ్ళ మధ్య. నేనున్న చివరి వారంలో ఆర్డరు సడలింది. ఏడో నెల కడుపుతో ఆ అమ్మాయి పడవెక్కింది. కట్టు విప్పిన చేత్తో మొగుడే ఎక్కించి, తనూ వెంట వచ్చాడు. ఇవతలి ఒడ్డున దించుకోడానికి అన్న మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. మొగుడూ దిగాడు. ఇద్దరూ పడవని చెరోవైపూ పట్టుకున్నారు.

నేను ఇంటికొచ్చేశాను. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. భీమవరంలో ఉంటున్నాం. ఎక్కడో ఊరు తగలబడుతున్న వీడియో ఫోన్లో కనబడితే ఈ పిల్ల ఏ లోకంలో పెరుగుతుందోనని భయమేస్తుంది. ఫోను బోర్లా పెట్టి, నిద్రపోతున్న దాని వీపు మీద చెయ్యి వేసి, పాత దండమే పెట్టుకుంటాను: ముందు ఈ చేతిలోది దించు స్వామీ.

కళ్ళు మూసుకుంటే కనిపించేది దేవుడి రూపం కాదు. స్టీలు మూత మీద ఆనించిన ఓ ముసలి బొటనవేలు, లోపల ఏముందో ఇంకా తెలియకుండా.