రిగ్గర్ వీర్రాజు బొటనవేలు

వీర్రాజు కుడికాలి బొటనవేలు వాచిందని తెలిసిన ప్రతివాడూ మొదట అడిగిన మాట ఒకటే: రోజుకెంత తాగుతావు? మందుల షాపువాడు అడిగాడు, పక్కింటివాళ్లు అడిగారు. గల్ఫుకి మనుషుల్ని పంపే ఏజెన్సీ డాక్టరైతే అడగనుకూడా లేదు. రిపోర్టు మీంచి తలెత్తకుండానే "ఇకనుంచి తాగుడు మానెయ్" అన్నాడు, కాగితంమీద కూడా తాగుడు అలవాటని రాశాడు. వీర్రాజు చుక్క ముట్టిన మనిషి కాదు. యాభై నాలుగేళ్లలో ఆయనకున్న వ్యసనమల్లా గాజువాకలో సాయంత్రం పూట అల్లం టీ. చెయ్యని పాపానికి ఇంతమంది ముందు ఒట్లు పెట్టుకోవాల్సి వచ్చినందుకు ఆయనకి కాలికంటే ఎక్కువ కడుపు మండింది.

ఆయన రిగ్గర్. క్రేను ఎత్తే బరువులకి గొలుసులూ తాళ్లూ బిగించి, ఎత్తున నిలబడి, చేతి సైగలతో క్రేను ఆపరేటర్ని నడిపించే పని. ఎలమంచిలి పక్క పల్లెనుంచి ఇరవై మూడేళ్ల వయసులో వచ్చాడు. అప్పట్నించీ స్టీలు ప్లాంటులో కొన్నాళ్లు, పోర్టులో కొన్నాళ్లు, కాంట్రాక్టర్ మారినా పని మారలేదు. ఆయన బిగించిన గొలుసు ఒక్కటీ జారలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు దుబాయ్ వెళ్లారు, ఖతర్ వెళ్లారు, వచ్చి కబుర్లు చెప్పారు. ఆయన మొదటి పాస్‌పోర్టు మాత్రం ఒక్క ముద్రకూడా పడకుండా గడువు తీరిపోయింది. రెండోది తీసుకుని నాలుగేళ్లయింది.

ఇన్నాళ్లకి ఒమన్‌లో ఒక రిఫైనరీ షట్‌డౌన్ పని, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతు, తగిలింది. భార్య చిట్టెమ్మ తమ్ముడు కన్నబాబు, క్రేను ఆపరేటరు, అదే బ్యాచ్‌లో ఉన్నాడు. బావా బామ్మర్దులిద్దరూ పద్దెనిమిదో తారీకున బయల్దేరాలి. యాభై ఐదు నిండినవాణ్ణి ఏజెన్సీ లిస్టులో పెట్టదు. వీర్రాజుకి యాభై ఐదు నిండడానికి సరిగ్గా రెండు నెలలుంది. ఇప్పుడు తప్పితే ఇక జన్మలో లేదన్నమాట.

మెడికల్‌లో రక్తం తీస్తే యూరిక్ యాసిడ్ తొమ్మిది దాటి ఉంది. బొటనవేలు ఏడాదికి రెండుమూడుసార్లు ఎందుకు నిప్పు అంటుకున్నట్టు అవుతోందో అప్పుడు తెలిసింది. దాన్ని గౌట్ అంటారట. ఇన్నేళ్లూ బెణుకనుకుని, షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని మింగి పైకెక్కేవాడు. ఏజెన్సీ డాక్టర్ ఒక బిళ్ళ రాసిచ్చాడు. "రోజూ వేసుకో. ప్రయాణంలోపు అంకె దిగుతుంది." అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ బిళ్ళ ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో, ఏం జరిగితే భయపడాలో, దేనికి భయపడక్కర్లేదో చెప్పడానికి ఆ మహానుభావుడికి నోరు రాలేదు.

ఆరోరోజు పొద్దున్న సేఫ్టీ బూటులో కాలు పెట్టబోతే పాదం లోపలికి దిగలేదు. ముందెప్పుడూ రానంత వాపు. తువ్వాలు తగిలినా ప్రాణం పోతోంది. బిళ్ళ పడలేదు, అవతల పారెయ్యమని సగంమంది. ఎండుచేపలు తిన్నావని మిగతా సగం. చిట్టెమ్మ చేపలు మానిపించింది, పప్పు మానిపించింది, చివరికి మజ్జిగన్నం ఒక్కటే మిగిల్చింది.

"ఇంకేటి మానమంటావే? గాలి పీల్చడం మానీమంటావా?" అని ఆయన ఆవిడమీద ఎగిరాడు.

"నా మీదెందుకు అరుత్తావ్? ఆ బిల్ల రాసినోడి మీద అరువు," అంది చిట్టెమ్మ. మాట న్యాయమైనదే. కానీ రాసినవాడి గది ముందు వందమంది వరసలో ఉన్నారు.

ఏజెన్సీ నడిపే రమణమూర్తికి ఫోన్ చేస్తే ఆయన దగ్గర అన్నిటికీ మార్గం ఉంది. "బయల్దేరే రోజు నొప్పికి సూది వేయించుకో. బూట్లు రెండు సైజులు పెద్దవి కొనుక్కో. బిళ్ళలు అట్టలోంచి తీసి విటమిన్ డబ్బాలో పోసుకో. ఎవరడిగినా ఏమీ లేదను." సిగ్గులేకుండా చెప్పాడు. అంతకంటే సిగ్గుపడాల్సిందేమిటంటే, వీర్రాజు విన్నాడు. పాస్‌పోర్టు మీద ముద్ర ఒక్కటే కళ్లముందు ఆడుతుంటే మనిషి ఏదైనా వింటాడు. ఆటోలో పూర్ణా మార్కెట్ వెళ్లి, చెప్పులతో కుంటుకుంటూ నాలుగు షాపులు తిరిగి, పది సైజు బూట్లు కొనుక్కొచ్చాడు. ఆయన కాలు ఎనిమిది.

సాయంత్రం కన్నబాబు వచ్చి ఆ బూట్లు చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏటి బావా ఇది? ఇయ్యేసుకుని పైకెక్కుతావా? వొదులు బూట్లతో వొచ్చినోడ్ని గేటుకాడ్నించే ఎనక్కి పంపీసీవోడివి కదా నువ్వు! నీకొక రూలు, లోకానికొక రూలా?"

కన్నబాబు ఆపలేదు. "పైనుంచి నువ్వు సెయ్యూపితే నాను బరువెత్తాల. నీ కాలే నీ మాట ఇనకపోతే నీ సెయ్యినేటి నమ్మాల నాను?" ముప్పై ఏళ్లలో ఎవరూ ఆయన్ని అంత మాట అనలేదు. మర్నాడు ముగ్గురూ ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చున్నారు.

అక్కడ డాక్టర్ నిఖిత, కూతురి వయసు పిల్ల, రిపోర్టు చూసి తలెత్తింది. ఆ ఒక్క పనికే వీర్రాజుకి సగం కోపం దిగింది. "మీరు తాగుతారా?" అని ఆవిడా అడిగింది. లేదంటే నమ్మింది. తర్వాత, ఇంతవరకూ ఎవరూ అడగనిది అడిగింది. "పనిలో ఉన్నప్పుడు నీళ్లెన్ని తాగుతారండీ?"

ఆయనకంటే ముందు చిట్టెమ్మే చెప్పింది. "నీల్లా? పొద్దున్న ఎక్కీ ముందర గొంతు తడుపుకుంటాడమ్మా. మల్లీ సాయంత్రం దిగినాకే."

అది ఆ పనిలో ఎవరూ రాయని రూలు. యాభై మీటర్ల ఎత్తునుంచి ఒంటేలుకి దిగి మళ్లీ ఎక్కాలంటే ముప్పావుగంట. అంతసేపూ క్రేను ఖాళీగా నిలబడుతుంది, కింద సూపర్‌వైజర్ అమ్మనీ ఆలినీ కలిపి తిడతాడు. అందుకని నీళ్లే మానేశారు. వేసవిలో ఇనుము సెగలు కక్కుతున్నా, చొక్కామీద చెమట ఉప్పుగా పేరుకున్నా నోరు తడపరు. ఎంతసేపు ఉగ్గబట్టుకుంటే అంత మొనగాడు. కొత్తగా వచ్చినవాళ్లకి వీర్రాజు మొదట నేర్పేది గొలుసు బిగించడం కాదు, ఇదీ.

"ఇదొక్కటే కారణమని చెప్పను," అంది డాక్టర్. "వంశంలో ఉండొచ్చు. మీరు మింగిన నొప్పి బిళ్ళలు కిడ్నీలని ఏం చేశాయో చూడాలి. కానీ ముప్పై ఏళ్లు ఒంటిని ఇలా ఎండగడితే అది ఊరుకోదు."

ఆవిడ తీరిగ్గా చెప్పింది. బిళ్ళ మంచిదే, మొదలుపెట్టిన తీరే తప్పు. అంకె దిగేటప్పుడు కీళ్లలో పేరుకున్న ఆ యాసిడ్ పొడి కదులుతుంది, మొదటి నెలల్లో నొప్పి ఎగదన్నడం మామూలే. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కాపలాగా ఇంకో చిన్న బిళ్ళ ఇస్తారు. నొప్పి వచ్చిందని తనంతట తాను మానకూడదు. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి పరుగెత్తుకు రావాలి. "అలాంటి బిళ్ళ కొత్తగా పట్టుకుని వారంలో విమానం ఎక్కుతానంటే ఎలాగండీ? నెలరోజులు నా కళ్లముందు ఉండండి. వెళ్లేటప్పుడు బిళ్ళలు అట్టలతోనే, నా చీటీతో సహా చేతిసంచీలో పెట్టుకోండి. దేశం కాని దేశంలో పేరులేని బిళ్ళలు పట్టుబడితే ఎవరొస్తారు మీకోసం?"

వీర్రాజు ఆ మధ్యాహ్నమే ఏజెన్సీకి వెళ్లి, పది సైజు బూట్లు రమణమూర్తి బల్లమీద పెట్టాడు.

"ఇయ్యి మీరేసుకోండి. నాను తరవాత బ్యాచ్‌లో ఎల్తాను. మీ డాక్టర్ నాను తాగుబోతునని రాసినాడు, అది కొట్టీమనండి. రోగం పేరు సక్కగా రాయమనండి."

"రాస్తే నిన్నెవడు తీసుకుంటాడయ్యా?"

"రాయకుండా ఎక్కి నాను జారిపోతే, నా కింద నిలబడ్డోడికి ఎవడు సమాదానం సెప్తాడు?"

రమణమూర్తి పైకి చూశాడు, కిందికి చూశాడు, చూద్దాంలే అన్నాడు. పద్దెనిమిదో తారీకున కన్నబాబు వెళ్లిపోయాడు. ఆ వారమే వీర్రాజుకి ఇంకోసారి వేలు వాచింది, ముందంత కాదు. ఈసారి ఎందుకో తెలుసు. బిళ్ళ మానలేదు. మంచంమీద పడుకుని, ఇదే వాపు ఒమన్‌లో ఎత్తుమీద వచ్చుంటే ఏమయ్యేదో అని లెక్కవేసుకున్నాడు. నెలకి అంకె ఆరున్నరకి దిగింది, ఇంకా దిగాలంది డాక్టర్. అవతల రిగ్గర్లు చాల్లేదు. రోగం పేరు, బిళ్ళల పేర్లు రాసి ఉన్న కాగితం చూసికూడా కంపెనీవాళ్లు రమ్మన్నారు. రమణమూర్తి ఆ వార్త తన ఘనతలాగే చెప్పాడు. యాభై ఐదు నిండడానికి తొమ్మిది రోజుల ముందు పాస్‌పోర్టు మీద ముద్ర పడింది.

ఒమన్‌లో మూడోరోజు, నలభై మీటర్ల ఎత్తు. కాలికి ఎనిమిది సైజు బూట్లు, నడుముకి కట్టిన సీసాలో రెండు లీటర్ల నీళ్లు. పక్కన నలుగురు విశాఖపట్నం కుర్రాళ్లు, పెదాలు పగిలి, నోళ్లు బిగించుకుని ఉన్నారు. అందులో ఇద్దరికి ఆ బిగింపు నేర్పింది ఆయనే. వాళ్లు చూస్తుండగా సీసా ఎత్తి గటగటా తాగాడు. పదిన్నరకి కొక్కేనికి వేలాడుతున్న బరువు భద్రంగా కిందికి దింపించి, చెయ్యి అడ్డంగా ఊపి క్రేను ఆపించాడు.

వాకీటాకీలో కన్నబాబు గొంతు కంగారుగా వచ్చింది. "ఏటైంది బావా? కాలా?"

"కాలు బాగానే ఉంది. ఒంటేలుకెల్లాల. దిగతన్నాను."

కింద సూపర్‌వైజర్ చేతులు విసురుతూ ఏదో భాషలో అరవడం మొదలుపెట్టాడు. వీర్రాజు సీసా మూత తీసి పక్కవాడికి అందించాడు. "తాగరా. నాను నేర్పింది తప్పు," అన్నాడు. తర్వాత నిచ్చెన పట్టుకుని, ఒక్కో మెట్టూ నిదానంగా, బొటనవేలు పూర్తిగా ఆనించి దిగాడు.

ఆయన నేలమీద కాలు పెట్టి తలెత్తి చూసేసరికి, సీసా ఖాళీ అయింది. నిచ్చెనమీద ఇంకో ఇద్దరు దిగుతున్నారు.