కిటికీ మట్టం

"వదినా, గోడలు కిటికీ మట్టానికొచ్చినాయి. ఇంగ నేను ఆగలేను. శనివారం పొద్దున్నే ఇటికెలు పేర్చేస్తా. ఆ రూము కిటికీకి ఎంత ఇడవల్లో ఇద్దరూ కలిసి ఒక మాట జెప్పండి" అని మేస్త్రి వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. నేనప్పుడు కువైట్‌లో, రుమైథియాలోని మామా వంటింట్లో, చేపకు మసాలా పట్టిస్తున్నాను. చేతులు కడుక్కుని వచ్చి ఇంకోసారి విన్నాను. అప్పుడూ అదే చెప్పాడు.

మామా అంటే మా అమ్మ కాదు, నేను పనిచేసే ఇంటావిడ. కువైట్‌లో ఇంటి పనికి వచ్చినవాళ్లం అందరం అట్లాగే పిలుస్తాం. ఇల్లేమో మా ఊళ్లో, అన్నమయ్య జిల్లాలో లేస్తోంది. రెండు గదులు, ఒక హాలు, వంటిల్లు, ముందు నాలుగు కుర్చీలు పట్టేంత వరండా. మేడలు మిద్దెలు ఏమీ లేవు. దానికి ముగ్గు పోసిన రోజు నేనూ లేను, మా ఆయనా లేడు. ఇద్దరం కువైట్‌లోనే ఉన్నాం. నేను ఇక్కడ, ఆయన దక్షిణాన వఫ్రాలో, టమాటా, కీర పండించే ఒక తోటలో. ఒకే దేశంలో ఉన్నారు కదా, హాయిగా కలుసుకుంటారేమో అనుకుంటారు ఊళ్లోవాళ్లు. వఫ్రాకు బస్సులు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నాకు సెలవు దొరికినప్పుడు ఆయనకు దొరకదు. మా కాపురమంతా ఫోన్లోనే నడిచింది, ఇల్లు కట్టడం కూడా ఫోన్లోనే నడిచింది.

గొడవంతా ఒక్క కిటికీ గురించి. మేమిద్దరం పడుకోబోయే గదికి తూర్పు గోడలో కిటికీ కావాలని నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నాను. ఆ వైపు వీధి, వీధి దాటితే వేరుశనగ చేలు, వాటి వెనక గుట్ట. ఇద్దరు మనుషులు మోచేతులు ఆనించి నిలబడి వీధిలో పోయేవాళ్లను పలకరించేంత కిటికీ కావాలన్నాను. అంతకు మించి నేను ఆ ఇంట్లో ఏమీ అడగలేదు. టైల్స్ రంగు కూడా ఆయన ఇష్టానికే వదిలేశాను.

ఆయన మాత్రం వద్దంటే వద్దు. పైన సీలింగు దగ్గర చిన్న వెంటిలేటర్ చాలన్నాడు. ఎందుకయ్యా అంటే దుమ్ము వస్తుందట. మా ఊళ్లో దుమ్మెక్కడిది? టౌను బస్సు వచ్చి తిరిగినప్పుడు కాస్త లేస్తుంది, అంతే. ఇసుక గాలి అనేది మా తాతల కాలం నుంచీ ఎవరూ ఎరగరు. ఏళ్ల తరబడి ఎడారిలో ఉండి, లోకమంతా అట్లాగే ఉంటుందని ఆయన బుర్రలో పడిపోయింది. "అది పండుకునే రూమా, ఉల్లిగడ్డల గోదామా?" అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

ఇంకో తమాషా ఏమంటే, మేస్త్రి దాన్ని కువైట్ మోడల్ అనుకున్నాడు. బాగా సంపాదించిన దేశంలో గొప్పవాళ్ల ఇళ్లకు కిటికీలు ఉండవు కాబోలు అనుకుని ఊరంతా చెప్పాడు. మా వెనక వీధిలో ఇల్లు మొదలుపెట్టినాయన తనకూ అట్లాగే వెంటిలేటర్లు పెట్టమన్నాడట. మా చెల్లెలు ఫోన్ చేసి ఈ మాట చెబితే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా పిల్లలు ఆ చెల్లెలి దగ్గరే ఉండి చదువుకుంటున్నారు, కాబట్టి ఊరి కబుర్లన్నీ ఆమె ద్వారానే నాకు చేరతాయి.

అసలు నా మంటకు ఇంకో కారణం ఉంది. ఆయన ఎప్పుడూ దాన్ని పిల్లోల్ల ఇల్లు అనేవాడు. మన ఇల్లు అని ఒక్కసారీ నోరు జారి కూడా అనలేదు. ఎప్పుడు పోదాం అని అడిగితే చూద్దాంలే అనేవాడు. అట్లాంటి మనిషికి తాను ఉండని గదికి కిటికీ ఉంటే ఏం, లేకపోతే ఏం? నేను మాత్రం ఆ గదిలో ఉండాలనే అనుకున్నాను. ముసలిదాన్ని అయ్యాక కాదు, మోకాళ్లు బాగున్నప్పుడే.

మేస్త్రి వాయిస్ వచ్చింది బుధవారం. ఆయనకు రెండు రోజులు ఫోన్ చేశాను. గ్రీన్‌హౌస్‌లో ఉంటే ఎత్తడు, బయటికి వస్తే సిగ్నల్ ఉండదు. శుక్రవారం పొద్దున మామా వాళ్లు వఫ్రాలో చుట్టాల తోటకు పోదామని బయలుదేరారు. చలి తగ్గుతున్న రోజులు, ఇక్కడివాళ్లు అప్పుడు తోటలకు పోయి కూర్చుంటారు. టీ కాయడానికీ, మాంసం కాల్చడానికీ నన్నూ రమ్మన్నారు. దేవుడే కారెక్కించాడు అనుకున్నాను. దారిలో భయం భయంగానే మామాను అడిగాను, మా ఆయన ఇక్కడే పనిచేస్తాడు, ఒక్కసారి చూసి వస్తానని. ఆవిడ మంచి మనిషి. ఇన్నాళ్లూ చెప్పలేదేమని నన్నే కోప్పడింది. భోజనాలయ్యాక డ్రైవర్‌ను పిలిచి, "యల్లా, తీసుకెళ్లు" అంది.

ఆయన ఉండే చోటు నేను చూడడం అదే మొదలు. ఫోన్లో ఎప్పుడు అడిగినా షెడ్డు శానా బాగుండాది అనేవాడు. వీడియో పెట్టినా మొహం తప్ప ఏమీ కనపడనిచ్చేవాడు కాదు. రేకుల కప్పు, చెక్క పలకల గోడలు. పలకల సందుల్లో గోనె పీలికలు కుక్కి ఉన్నాయి. ఉన్న ఒక్క కిటికీకి ప్లాస్టిక్ పట్టా కొట్టి, చుట్టూ టేపు అంటించారు. అన్నం గిన్నెకు గుడ్డ కట్టి ఉంది, నీళ్ల క్యానుకు గుడ్డ కట్టి ఉంది, చివరికి చెప్పులు కూడా కవర్లో ఉన్నాయి. నన్ను చూసి ఆయన సంతోషపడ్డాడు, ఆ వెంటనే నేను చుట్టూ చూడడం చూసి సిగ్గుపడ్డాడు.

కూర్చుని కిటికీ మాట ఎత్తబోయేలోపల గాలి లేచింది. బయట ఆకాశం శనగపిండి రంగుకు తిరిగింది. ఆయన నాతో మాట్లాడుతూనే లేచి తలుపు కింద తడిగుడ్డ తోశాడు, గ్లాసులు బోర్లించాడు, తువ్వాలు తడిపి నా తలమీద కప్పాడు, తనూ ఒక గుడ్డ మూతికి కట్టుకున్నాడు. ఇదంతా ఆయన చూసి చేయలేదు, చేతులే చేసుకుపోయాయి. అన్నీ మూసినా నా పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. కాసేపటికి దగ్గు మొదలైంది, నాకు కాదు, ఆయనకు. ఆ దగ్గు నేను ఫోన్లో విన్నదే. పడిశం అని చెప్పేవాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "శానా బాగుండాది అంటివే. ఇదేనా బాగుండేది?" అని అడిగాను.

"నీకు జెప్తే ఏం జేస్తావు, ఏడుస్తావు" అన్నాడు.

ఏడవను, తిడతాను అన్నాను. తిట్టాను కూడా, ఆయన్ను, ఆ తోటను, ఆ గాలిని, కలిపి తిట్టాను. తిట్టడం అయిపోయాక ఆయన మొహం చూశాను. ఆ మనిషి దుమ్ముకు భయపడడంలో తప్పేముంది? అన్నేళ్లు ఇట్లా పడుకున్నవాడు ఒక్క రాత్రి అయినా ఇసుక లేని నిద్ర పోవాలనుకోడా? పోనీలే, వెంటిలేటరే పెట్టించు, నాకు కిటికీ వద్దు అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

గెలిచాననే సంబరం ఆయన మొహంలో ఏమీ కనపడలేదు. "ఏమే, ఆ కిటికీ మింద నీకంత పట్టెందుకు?" అని అడిగాడు. ఇన్ని నెలల పోట్లాటలో ఆ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"నా రూముకు కిటికీ ల్యా" అన్నాను.

"ఏసీ ఉండాది, మంచి రూము అంటివి గదా."

"ఏసీ ఉండాది. కిటికీ ల్యా."

"వచ్చిన కాడ్నుంచా?"

వచ్చినప్పటినుంచీ లేదని చెప్పాను. వంటింటి వెనక బట్టలుతికే మిషన్ పక్కన గది. నాలుగు గోడలు, ఒక తలుపు, ఒక ట్యూబ్‌లైటు. లైటు ఆర్పితే పగలో రాత్రో తెలియదు, ఫోన్ చూసుకుని లేవాలి. ఆ ఇంట్లో పెద్దపెద్ద అద్దాల కిటికీలు ఉన్నాయి, వాటిని వారం వారం తుడిచేది నేనే. తుడవడమే, ఒక్కటీ తెరిచింది లేదు. ఆయన బాధపడతాడని నేను ఏసీ సంగతి మాత్రమే చెప్పేదాన్ని. కువైట్‌లో మొగుడూ పెళ్లాలం ఇట్లాగే మాట్లాడుకుంటాం, ఎవరి చోటు వాళ్లు మెచ్చుకుంటాం.

ఆయన ఫోన్ తీసుకుని, మూతికి గుడ్డ సరిచేసుకుని, సిగ్నల్ కోసం తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. గాలి ఇంకా కొడుతూనే ఉంది. రెండు మూడుసార్లు తెగిపోయాక మేస్త్రి ఎత్తాడు. గాలి హోరుకు వినపడక స్పీకర్ పెట్టాడు, అందుకే అవతలి మాటలు నాకూ వినపడ్డాయి.

"మీ వదిన జెప్పినంత ఇడువు. ఇద్దరు మోచేతులు ఆనిచ్చేంత" అన్నాడు మా ఆయన.

"దుమ్మొస్తాదంటివి గదన్నా? అందరికీ కువైట్ మోడల్ అని జెప్పింటినే" అన్నాడు మేస్త్రి. పాపం, నిజంగానే దిగులుపడ్డాడు.

"మోడలూ ల్యా, ఏమీ ల్యా. దుమ్మొస్తే నేను లేసి మూస్తాలే. నేనూ ఆ రూములోనే ఉంటా గదా."

మేస్త్రి ఎప్పుడొస్తాండావన్నా అని అడిగాడు.

మా ఆయన నా వైపు తిరగలేదు. బయట దుమ్మును చూస్తూనే చెప్పాడు. "నా అకామా ఈ ఏటితో అయిపోతాది. ఇంగ కొట్టించను. మీ వదినది కూడా కొట్టించను. ఖలాస్. ఇద్దరం వస్తాం."

అకామా అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే కార్డు. అది కొట్టించుకుంటూ పోతే ఉంటాం, ఆపేస్తే ఇంటికి పోతాం. అన్నేళ్లు నేను అడిగితే చూద్దాంలే అన్న మనిషి ఈ మాట ఇటికెలు పేర్చేవాడికి చెబుతున్నాడు! నాకు ఆనందమూ, దాంతోపాటే కోపమూ వచ్చాయి. తలమీది తువ్వాలు తీసి ఆయన మీదికి విసిరాను.

"ఈ మాట నాకు జెప్పకుండా మేస్త్రికి జెప్తావా?" అన్నాను.

ఫోన్లో మేస్త్రి నవ్వాడు. మా ఆయన తువ్వాలు పట్టుకుని, దగ్గుతూనే, "నీకే జెప్తాండా" అన్నాడు.