డొల్ల కప్పు

మా మామ ఎవరింటికి పోయినా కూర్చునే ముందు చేతికర్రతో పైకప్పు తట్టి, చెవి వంచి వినేవాడు. కేజీఎఫ్ గనిలో అట్ల తట్టే బతికి బయటపడినాడు. పైరాయి డొల్లగా పలికితే కూలబోతా ఉందని లెక్క, ఇంగ పరుగే. గని మూతపడినా ఆ అలవాటు పోలేదు.

వైట్‌ఫీల్డులో కోటి రూపాయల ఫ్లాటు చూసేదానికి ఆయన్నీ పిల్చుకుపోయినాను. హాల్లో కర్రెత్తి తట్టినాడు. డొల్ల!

"బయటికి రాండప్పా!" అని అరిచి నన్నూ, ఫ్లాటు చూపించే సేల్సు పిల్లోణ్ణీ లిఫ్టు దాకా ఈడ్చుకొచ్చినాడు.

"అది ఫాల్స్ సీలింగ్ సార్," అన్నాడు పిల్లోడు రొప్పుతా.

మామ నాకల్లా తిరిగినాడు. "ఫాల్స్ అని వాళ్ళే ఒప్పుకుంటా ఉండారు. ఇంగ కోటి దేనికప్పా?"

అయినా కొన్నాము. గృహప్రవేశం రోజు మామ గుమ్మం బయటే కుర్చీ వేసుకొని, లోపలికి పోయే ప్రతి చుట్టాన్నీ ఆపి మెల్లగా చెప్పినాడు: "లోపల తుమ్మొద్దప్పా."