అమ్మవారి నుదుటి కెంపు

అమ్మవారి కిరీటంలో నుదుటి మీద ఉండే కెంపు నల్లబడింది. ఇంకేం, రాళ్ళు పొదిగే పెద్దాయన అసలు రాయి కాజేసి గాజుముక్క పెట్టాడని ఊరంతా గుప్పుమంది. కెంపు సూర్యుడి రాయనీ, దొంగ చెయ్యి తగిలితే వెలుగు చంపుకుంటుందనీ తాతల నాటి నమ్మకం. పైగా ఆ కిరీటం బాగుచేసిన ఏడాదికే పెద్దాయనకు చూపు పోయింది. అమ్మవారే కళ్ళు తీసుకుందన్నారు. వాళ్ళ నోళ్ళు పడిపోను! ఎదురింటాయన కూడా పలకరించడం మానేశాడు.

పెద్దాయన కూతురు తండ్రి దగ్గరే పని నేర్చుకున్న మనిషి. మొండిఘటం. నేరుగా గుడి పెద్ద దగ్గరికి వెళ్ళింది.

"బాబాయిగారూ, అందరి ముందే రాయి ఊడదీసి చూపిస్తాను."

"పగిలితేనో?"

"మళ్ళీ పనిముట్టు ముట్టుకోను."

మర్నాడు పొద్దున్నే తండ్రిని గుడికి బయల్దేరమంది.

"గుడ్డివాణ్ణి, నన్నెందుకే లాగుతావు?"

"గుడ్డివాడివే గానీ దొంగవి కాదుగా నాన్నా. లే!"

గుడిలో పీట వేసుకుని కూర్చుంది. చిన్న మంట మీద కిరీటాన్ని వెచ్చచేసి, రాయి కింది లక్క మెత్తబడ్డాక, సన్నటి ఉలితో బంగారు అంచు పైకి లేపింది. రాయి గుడ్డలోకి జారింది. తుడిచి కిటికీ వెలుగుకు పట్టుకుంటే గుడి పెద్ద తెల్లచొక్కా మీద ఎర్రటి వెలుగు మరక పడింది.

మెరుపు కోసం రాయి వెనక పెట్టే వెండి రేకు మాత్రం మసిబారి ఉంది. లక్క ఒక పక్క అంటుకోక, ఆ సందులోంచి దీపాల నూనె దిగింది. తప్పంతా నూనె మీదికి నెట్టేస్తే సరిపోయేది, అడిగేవాడు లేడు. అయినా అబద్ధంతో కడిగిన పరువు తండ్రికి ఇవ్వదలచుకోలేదు.

"రాయి అసలుదే. లక్క మేమే సరిగ్గా పట్టించలేదు. తప్పు మా పనిలో ఉంది."

పెద్దాయన చెయ్యి చాచాడు. చల్లారిన రాయిని, ఎప్పుడూ చేసేటట్టే, మూసిన రెప్పకు ఆనించుకున్నాడు.

"చల్లగా ఉందమ్మా, గాజు ఇంత చల్లగా ఉండదు. అదే." రాయి కూతురికిచ్చి గుడి పెద్ద వైపు తిరిగాడు. "ఆ రోజు తొందరపడ్డాను. చేతకానివాడంటే పడతాను బాబూ. దొంగంటే మాత్రం పడను."

గుడి పెద్ద ఆయన చేతులు పట్టుకున్నాడు. "అన్నయ్యా, మమ్మల్ని క్షమించు."

"అదంతా తర్వాత. అమ్మాయ్, కొత్త రేకు పెట్టు."

ఆమె రేకు పరిచి రాయి కూర్చింది. పెద్దాయన బొటనవేలితో అంచు తడుముతూ చుట్టూ వచ్చి, ఒకచోట ఆగాడు.

"ఇక్కడ ఇంకాస్త లక్క పట్టించు. ఈసారి తొందరేం లేదు."