ఒక పొయ్యి కూడు

వాకాడు మండలంలో సముద్రం వైపు చిట్టచివరి పల్లె అది. అక్కడి బడిలో ఈ నెల ఏమేం పాఠాలు జరుగుతున్నాయో తెలుసుకోవాలంటే సారును అడగక్కర్లేదు, మధ్యాహ్నం వంట చేసే వెంకటశేషమ్మను అడిగితే చాలు. ఉన్నది ఒక్క గది, ఒక్క సారు, పద్నాలుగు మంది పిల్లలు. తరగతికీ వంటగదికీ మధ్య గోడ ఉందిగానీ, ఆ గోడలో కిటికీకి రెక్కలు లేవు. ఇంక వినకుండా ఎట్లా ఉంటుంది మనిషి! ఒకటో తరగతికి గుణింతాలు. రెండో తరగతికి చేతిలో ఒకటి ఉంచుకుని చేసే కూడికలు. "చేతిలో ఆ ఒకటి ఎవురు దాచుకుంటారో, ఎప్పుడిస్తారో, నాకేం అర్థం కావడంలా" అని శేషమ్మ పప్పు ఎనుపుతూ గొణుక్కునేది. మూడో తరగతికి 'మా కుటుంబం'.

ఈ నెల అంత చెవులు రిక్కించి ఎందుకు వినిందంటే, ఆమెకు ఇదే ఆఖరి నెల. ఒకటో తారీకు నుంచి అన్నం, కూర ఎక్కడో పెద్ద వంటశాలలో వండి బండిలో పంపిస్తారంట. కోట అనే ఊరి నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చే జడ్సన్ సారు మెత్తని మనిషి. ఈ మాట చెప్పడానికి మూడు రోజులు నీళ్లు నమిలి, నాలుగో రోజు చెప్పినాడు.

"నా చేతుల్లో ఏం లేదు శేషమ్మా."

"సర్లే సార్" అనింది ఆమె.

సర్లే అని ఎట్లా అనిందో దేవుడికే తెలియాలి. పని పోతే ఇంకో కూలి పని దొరుకుతుంది, దాని గురించి కాదు ఆమె దిగులు. మొగుడు ఓబులేసు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటూ పాము కరిచి పోయి పదకొండేళ్లు. పిల్లలు కలగలేదు. ఆయన పోయిన ఏడే బడి వంటలో చేరింది. అప్పట్నుంచీ ఆమె ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగింది లేదు. ఒక్కదానికి ఏం వండుకుంటాంలే అని, మధ్యాహ్నం పిల్లలతోపాటే తిని, మిగిలింది గిన్నెలో పెట్టుకుపోయి రాత్రికి అయిందనిపించేది. ఆదివారం వచ్చిందంటే ప్రాణం ఉసూరుమనేది. వేసవి సెలవుల్లో అయితే గోడలతో మాట్లాడేది. ఇప్పుడింక ఏడాది పొడుగునా సెలవులే. అది తల్చుకుంటే ఆమెకు భయం వేసేది, నిజంగా భయం.

ఇక పాఠం సంగతి. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు కుటుంబం అని సారు చెప్పీ చెప్పగానే భానుప్రియ లేచింది. ఆ పిల్ల నోరు ఊరుకోదు.

"సార్, మా చిన్నాయన మా ఇంట్లోనే ఉండాడు. మాకూ వాళ్లకీ మాటల్లేవు, పొయ్యి వేరు పెట్టినారు. ఆయన మా కుటుంబమేనా?"

సారు తల గోక్కున్నాడు. "పొయ్యి వేరైతే కుటుంబం వేరేలే. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్లంతా ఒక కుటుంబం. సరేనా? రేపు అందరూ మీ కుటుంబం బొమ్మ గీసుకురండి."

గోడకు ఇవతల శేషమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్లంతా! పిల్లలు పద్నాలుగు మంది, తనొకతె. మాడు వాసన వచ్చేదాకా అట్లాగే నిలబడింది. ఛీ, ఈ వయసులో ఇదేం పిచ్చి అని తిట్టుకుందిగానీ, ఆ రోజంతా మొహంలో నవ్వు పోలేదు.

మర్నాడు కిటికీలోంచి సారు గొంతు వినబడింది. "ఏంది భానూ, మీ ఇంట్లో పదిహేడు మందా?"

"మీరే గదా సార్ చెప్పినారు, ఒక పొయ్యి అని. మా అమ్మా నాయనా గాక, బడిలో మేమందరం శేషమ్మవ్వ పొయ్యి కూడే గదా తినేది. మీరు లేరులే సార్, మీరు క్యారేజీ తెచ్చుకుంటారు."

తరగతంతా గొల్లుమంది. సారూ నవ్వినాడు. నవ్వి, పాపం ఆయన తప్పేం లేదు, పాఠం పాఠమే కదా, "అది బడి పొయ్యి తల్లీ. ఇంట్లో వాళ్లను ఉంచి మిగతావాళ్లను చెరిపెయ్యి" అన్నాడు.

మధ్యాహ్నం గంట కొట్టగానే భానుప్రియ నోటుపుస్తకంతో సహా వంటగదికి వచ్చింది. మొహం వేలాడేసుకుని ఉంది.

"అవ్వా, నిన్ను చెరిపేసినా. సారు చెరపమన్నాడు."

"మంచి పని చేసినావు. తప్పుంటే మార్కులు రావు" అనింది శేషమ్మ. అని ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేకపోయింది. "ఇంతకీ నన్ను యాడ గీసినావు?"

పిల్ల పుస్తకం తెరిచింది. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం నల్లబడిపోయింది. "ఇదో, ఈడ. మా అమ్మ పక్కన."

శేషమ్మ పుస్తకం మూసి పిల్ల చేతికిచ్చింది. "పో, పో, పోయి చెయ్యి కడుక్కో" అని దాన్ని తరిమి, వెనకాల సరుగుడు కట్టెల చాటుకు పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఓబులేసు పోయినప్పుడు ఊరందరి ముందూ ఏడ్చింది. ఇప్పుడు ఎవరికి చెప్పుకుని ఏడవాలి? చెరిపేసిన బొమ్మ కోసం ఏడ్చినానంటే నవ్వరూ?

ఒకటో తారీకున బండి వచ్చింది. ఆ రోజు బడి వైపు పోకూడదనే అనుకుంది శేషమ్మ. పొద్దెక్కేకొద్దీ ఇంట్లో కాలు నిలవలేదు. కత్తిపీట మర్చిపోయినానని వంక పెట్టుకుని వచ్చేసింది. పిల్లలు వరండాలో వరసగా కూర్చుని తింటున్నారు. బండితో వచ్చిన మనిషెవరో వడ్డిస్తున్నాడు. పప్పు ఎవరికి ఎక్కువ కావాలో, గుడ్డులో పచ్చసొన ఎవరు తీసి పక్కన పెడతారో అతనికేం తెలుసు? చెయ్యి ఊరుకోలేక రెండడుగులు ముందుకు వేసి, ఆగిపోయింది.

భానుప్రియ చూసింది. ఎంగిలి చేత్తోనే లేచి పరిగెత్తుకొచ్చింది. పదకొండేళ్లలో ఆ బడిలో శేషమ్మను ఎవ్వరూ అడగని మాట, అడగాల్సిన పనే రాని మాట, గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు అడిగింది.

"తిన్నావా అవ్వా?"

"తిన్నాలేమ్మా" అనింది శేషమ్మ. తినలేదు. కత్తిపీట సంగతి కూడా మర్చిపోయి ఇంటిదారి పట్టింది.