ఖాళీగా వదిలిన గడి

పొద్దున్నే స్కానింగ్ సెంటర్ షట్టరు ఎత్తగానే అతను చేసే మొదటి పని ఫైళ్ల హక్కులు మార్చడం. బయటి క్లినిక్కులు వెబ్ పేజీలో పంపిన ఎక్స్‌రేలు వెబ్ సర్వర్ ఖాతా పేరు మీదే ఉంటాయి. డాక్టరుకు తెరుచుకోవు. అతను మాస్టర్ పాస్‌వర్డుతో లోపలికెళ్లి ఒక్కో పేషెంటు ఫోల్డరునూ డాక్టరు ఖాతాకు మార్చాలి. అందాకా డాక్టరు గోడకేసి చూస్తూ కూర్చుంటాడు.

సెంటర్ యజమాని అతని భార్యకు అన్న. అతని పాత కంపెనీ మూతపడ్డాక పైన ఒక గది, కింద ఒక కుర్చీ ఇచ్చాడు. ఇచ్చిన సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకుంటాడు.

“ఏం బావా, నువ్వు పళ్లు తోముకుని దిగేదాకా డాక్టరుగారు కాచుక్కూచోవాలా?” అన్నాడు ఆ సోమవారం, అందరి ముందూ. “రిసెప్షన్ అమ్మాయికి ఒక బటన్ పెట్టు. పేషెంటు నంబరు కొట్టి నొక్కుతుంది.”

“పెట్టొచ్చు బావా. కానీ మాస్టర్ అధికారం వెబ్ పేజీ చేతికిస్తే వీధి గుమ్మానికి బీరువా తాళంచెవి వేలాడదీసినట్టే. విడిగా చిన్న ప్రోగ్రాం రాస్తాను. నంబరు సరైందో కాదో చూసుకుని ఆ ఒక్క ఫోల్డరే మారుస్తుంది. రెండ్రోజులివ్వు.”

“కథలొద్దు. భోజనాల వేళకి కావాలి. మా చెల్లెలి మొహం చూసి ఎన్నాళ్లని భరించను?”

రిసెప్షన్ అమ్మాయి నవ్వు దాచుకోవడానికి మోగని ఫోను ఎత్తింది.

అతను వెబ్ పేజీకే అధికారమంతా ఇచ్చేశాడు. నంబరు సరిచూసే భాగం సాయంత్రం రాయొచ్చనుకున్నాడు. తప్పని తెలుసు. మాట పడడం కంటే తప్పు చేయడమే ఆ పూటకి తేలికనిపించింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి నంబరు గడి ఖాళీగా వదిలి బటన్ నొక్కింది. నంబరు లేకపోయేసరికి ఆజ్ఞ ఒక్క ఫోల్డరు దగ్గర ఆగలేదు. పేషెంట్లందరి ఫోల్డర్లూ, స్కానింగ్ ప్రోగ్రాం సొంత ఫైళ్లూ డాక్టరు పేరు మీదికి పోయాయి. తన ఫైళ్లు తనకే తెరుచుకోక ఆ ప్రోగ్రాం ఆగింది, దాంతో స్కానింగూ ఆగిపోయింది. బల్ల మీద ఒక ముసలమ్మ పడుకునే ఉంది.

“నంబరు కొట్టలేదా తల్లీ?”

“కొట్టకపోతే అదే ఒప్పుకోదనుకున్నా, బావగారూ,” అంది యజమాని పిలుపునే అందుకుని.

ఏ ఫైలు అంతకుముందు ఎవరిదో విడిగా రాసిపెట్టుకోలేదు. బ్యాకప్‌గా దాచిన పాత నకలు తెచ్చి అన్నీ మళ్లీ పెట్టడమే దారి. సాయంత్రందాకా పడుతుంది. యజమాని అతన్ని రెక్క పట్టుకుని పేషెంట్లు కాచుకున్న హాల్లోకి తెచ్చాడు.

“వీళ్లకి నువ్వే చెప్పు.”

అతను చేతులు జోడించి క్షమించమన్నాడు.

“ఈయనెవరండీ?” అన్నాడు చెయ్యి విరిగి కట్టుతో కూర్చున్నాయన.

“మా బావ. ఎక్కడా పనికిరాకపోతే మేమే పెట్టుకున్నాం.”

హాలంతా నవ్వింది. కట్టున్నాయన చెయ్యి నొప్పెడుతున్నా నవ్వాడు.

సాయంత్రం పైగదిలో భార్య అతని వైపు చూడకుండానే బట్టలు మడతపెడుతోంది. “అన్నయ్య చెప్పినట్టు చేసుంటే ఇంత జరిగేదా?”

“చెప్పినట్టే చేశాను. అలా కూడదని ముందే అన్నాను కూడా.”

“కూడదని తెలిసీ ఎందుకు చేశారు?”

అతను ఒక చొక్కా తీసి ఆమెకందించాడు. ఆమె దాన్ని మడిచి పక్కన పెట్టింది.

“మీ పాస్‌వర్డు తీసేసుకోమని అన్నయ్యకి నేనే చెప్పాను. ఇంకేదైనా పని చూపించమన్నాను.”

మర్నాడు షట్టరు రిసెప్షన్ అమ్మాయి ఎత్తింది. అతను మొదటి పేషెంటును చక్రాల కుర్చీలో స్కానింగ్ గది దాకా తోసుకెళ్లి, తలుపు బయట నిలబడ్డాడు.